నాయనమ్మ సమాధి రాయి

మెదక్,
నవంబరు 1948

చిన్నాయన గారికి,

వందనాలు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నాయనమ్మ సమాధి రాయి మీద చెక్కించాలి, ఆమె తల్లిదండ్రుల పేర్లు కనుక్కొని రమ్మని నన్ను శివ్వంపేట పంపారు. కనుక్కున్నాను. ఆమె మేనమామ కొడుకు జకరయ్య తాత ఆ పేర్లతో పాటు నేను అడగని మాట కూడా చెప్పాడు.

"మీ నాయనమ్మకు అక్క ఉండె బిడ్డా. కరువుల తల్లి సచ్చిపోతే చెల్లెను మిషనోళ్లు తీస్కపోయిండ్రు. అక్కను మెదక్ల తురక దర్జీ ఇంట్ల సాదుకున్నరు. గా ఇంటికే కోడలైంది. గీ ముచ్చట ఎవ్వరికి చెప్పొద్దని మీ తాత మీ నాయనమ్మతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

ఆ అక్క మన పక్కింటి మహబూబున్నీసా, సిరాజ్ దర్జీ తల్లి.

నాయనమ్మ పోయిననాడు శవానికి స్నానం పోస్తానని ఆమె వస్తే, "నువ్వెవరు మాకు?" అని గడపలోనే ఆపారు మీరు. యూనియన్ సైన్యం వచ్చాక సిరాజ్ ప్రాణభయంతో పారిపోతే, మన చర్చి పాటగాళ్లకు అంగీలు కుట్టిన మనిషిని రజాకారన్నారు. ముసలామెను బయటికి గెంటి, ఆ ఇంటికి మీ తాళం వేశారు.

ఆమె ఇప్పుడు నా దగ్గరే ఉంది. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెల్లె పెట్టుకున్న ఒట్టు నాకు ఒట్టు గాదా?" అన్నది.

ఆదివారం ఆరాధన కాగానే తాళంచెవి మీరే నా ఇంటికి తీసుకురండి. రాకపోతే రాయి మీద నాయనమ్మ పేరు పక్కన ఆమె అక్క పేరు కూడా చెక్కిస్తాను, సంఘమంతా చదువుకుంటుంది.

వచ్చినా గడప దగ్గరే ఆగండి. లోపలికి రానివ్వాలో వద్దో మీ పెద్దమ్మ చెబుతుంది.

మీ అన్న బిడ్డ