పాత కంప్యూటరు డిస్కు

బాబాయ్, కోప్పడకుండా చదవండి.

మీ వాచీల కొట్టులో కెమెరా రికార్డరుకు పాత కంప్యూటరు హార్డ్ డిస్కు పెట్టించారు. తెర మీద బొమ్మ కదులుతోంది కదా, రికార్డవుతోందనుకున్నారు. రాత్రింబవళ్ళు ఆగకుండా రాయలేక అది ఎప్పుడో చేతులెత్తేసింది. అందుకే వాచీ పోయిన రోజు దృశ్యం ఒక్కటీ దొరకలేదు. మీరేమో కౌంటరులో కూర్చునే అక్కను దొంగను చేసి పనిలోంచి తీసేశారు.

సోమవారం కెమెరాల కోసమే తయారుచేసిన డిస్కు వేశాను. వెనక్కి తిప్పి చూడందే పని అయిందనను, నా సంగతి మీకు తెలుసుగా. నిన్న చూశాను. బుధవారం ఇంకో వాచీ తుడుస్తూ, ఎవరో పిలిస్తే, మీరే దాన్ని పాత కళ్ళజోడు పెట్టెలో పెట్టి సొరుగులోకి తోశారు.

ఆ పెట్టె తెరవండి. రెండూ అందులోనే ఉంటాయి.

డిస్కుకు పూచీ నాది. అక్క ఇంటికి మాత్రం మీరే వెళ్ళాలి.

మీ అన్నగారి అమ్మాయి