మందు మింగించే మనిషి అతిథి కాదని ఉత్తర్వు కోరుతూ

జోగ్జా నగర ఆరోగ్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: క్షయ, మధుమేహం రెండూ గల అర్జీదారును ఒకే మనిషిగా గుర్తించుట గురించి.

చోదె ఏటిగట్టు వాడలో కాపురముంటూ, బడిలో సాహిత్యం బోధించి రిటైరైన మార్తోసుదర్మో అను నేను తమకు విన్నవించుకొనునది:

1. నాకు షుగరు పాతది, క్షయ కొత్తది. మా ఆరోగ్య కేంద్రంలో ఊపిరితిత్తుల గది ఎడమవైపు, షుగరు గది కుడివైపు. మధ్యలో ఒక వసారా. ఆ వసారా దాటి ఇంతవరకు ఒక కాగితం గాని, ఒక మాట గాని అటునుంచి ఇటు వచ్చిన దాఖలా లేదు. దాటేది నేనొక్కడినే. ఎడమ గది నర్సు నన్ను తూచి, "బరువు పెరిగారు తాతయ్యా, ఇలాగే తినండి" అంటుంది. అదే పూట కుడి గది నర్సు నన్ను తూచి, "బరువు పెరిగారేంటి తాతయ్యా, నోరు కట్టుకోలేరా?" అంటుంది. ఎదురు గదిలో ఏమన్నారో చెప్పబోతే, "ఎదురు గది గొడవ ఎదురు గదిలోనే చెప్పుకోండి" అంది.

2. క్షయ మందులు కొన్ని షుగరు బిళ్ళల బలాన్ని తగ్గిస్తాయట. ఈ సంగతి నాకు రెండు గదుల్లో ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో చదివాను, చదవగలిగిన రోజుల్లో. ఇప్పుడు చక్కెర పెరిగి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఈ అర్జీలో అక్షరాలు ఇంత పెద్దవిగా ఉన్నది తమ మీద కోపంతో కాదు. ఊపిరితిత్తులు నయమై కళ్ళు పోతే, ఆ మిగిలిన ఆయుష్షుతో నేను చేసుకునేదేమీ లేదు.

3. క్షయ రోగి మందు మింగేటప్పుడు ఒక మనిషి కూర్చుని చూడాలని తమ నియమం. నాకు నియమించినది పక్కింటి తుకిరన్‌ను. వాడ పెద్దగా ఉన్న కాలంలో మా పఠనమందిరాన్ని పింగ్‌పాంగ్ గదిగా మార్చిన ఘనుడు. బయట పడేసిన పుస్తకాలు వానలో తడిశాయి. వాటిని నా చాప మీద ఆరబెట్టుకున్నవాడిని నేను. మరిచిపోలేదు.

ఇతడు రోజూ పొద్దున్నే వస్తాడు. గడప దాటి వచ్చినవాడు అతిథి. అతిథికి కలకండ వేసిన టీ ఇవ్వాలి. ఇంటాయన అదే టీ ఓ గుక్క తాగి "కానివ్వండి" అనేదాకా అతిథి గ్లాసు ముట్టడు. ఆ విధంగా మాత్ర మింగిన నోటితోనే, సర్కారు వారి పర్యవేక్షణలో, పానకం తాగుతున్నాను. ఒకనాడు తెగించి కలకండ మానేశాను. మా వీధిలో చప్పటి టీ ఇచ్చామంటే ఇక రావద్దని అర్థం. తుకిరన్ గ్లాసు ఖాళీ చేసి వెళ్ళాడు. సాయంత్రానికి వాళ్ళావిడ కలకండ పొట్లం పట్టుకొచ్చి, "మాస్టారింట్లో నిండుకుందటగా, అడగటానికి మొహమాటమెందుకండీ" అంది. వీధి వీధంతా విన్నది.

4. పై తుకిరన్ ఒక్క గ్లాసుతో ఆగడు. రెండోది, మూడోది తాగి, ఆపైన మంచినీళ్ళు అడుగుతాడు. నడుమ నడుమ నా స్నానాలగదికి పోయి వస్తుంటాడు. చిక్కి సగమై, పాత బాతిక్ చొక్కా వేలాడుతుంటే, "కుర్రాడిలా లేనూ?" అని మురిసిపోతాడు. పైగా నన్ను వెక్కిరించడానికి నా ఎదుటే దగ్గుతాడు.

కావున రెండు గదులనూ ఒకటి చేసి, ఒకే డాక్టరు రెండు జబ్బులూ చూసేలాగునా, మందు మింగించడానికి వచ్చిన మనిషి మర్యాదలకు అర్హుడైన అతిథి కాదని ముద్ర వేసిన ఉత్తర్వు ఇప్పించేలాగునా ప్రార్థన. ఉత్తర్వును గోడకు అంటించుకుంటాను. నా చూపు ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మార్తోసుదర్మో

తా.క. సంతకం చేశాక ఈ అర్జీని తుకిరన్‌కు చదివి వినిపించాను. నొచ్చుకోవాలనే వినిపించాను.

"ఆ పింగ్‌పాంగ్ సంగతి ఇంకా మోస్తున్నారా మాస్టారూ?" అన్నాడు.

"నాలుగోది చెప్పు. అబద్ధమా?"

"అబద్ధం కాదు. నాలుక పిడచకట్టుకుపోతోంది. దగ్గు మాత్రం వెక్కిరింత కాదండీ. మా ఆవిడకి వినపడకుండా దిండులో మొహం పెట్టి దగ్గుతున్నా."

"రేపు నాతో ఆరోగ్య కేంద్రానికి రా."

"ఏ గదికి?" అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. తమరే చెప్పాలి. నాలుగో అంశాన్ని ఫిర్యాదుగా కాక రోగలక్షణాలుగా చదువుకోవలెను. ఆ దగ్గు నా వల్ల వచ్చిందో, అతని లవంగం సిగరెట్ల వల్ల వచ్చిందో పరీక్షలో తేలుతుంది.

ఒకవేళ అతనికీ మందు మింగించే మనిషి కావలసివస్తే నా పేరు రాయండి, ఆ పని ఇంకెవరికీ ఇవ్వకండి. ఎదురుగా కూర్చుని, ప్రతి మాత్రా గొంతు దిగేదాకా చూస్తాను.

అయితే అప్పుడు వాళ్ళింట్లో అతిథిని నేనవుతాను. వాళ్ళావిడ కలకండ వేసే చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు. ఉత్తర్వు రెండు ప్రతులు పంపించగలరు.