కప్పేసిన అతుకులు

అక్కయ్యకు, తమ్ముడి నమస్కారాలు.

నువ్వు ఫోనులో అడిగిన ప్రతిసారీ దాటవేసిన సంగతి ఇప్పుడు రాతపూర్వకంగా విన్నవించుకుంటున్నాను. నాకు నచ్చిన ఒకావిడ ఉన్నారు. బావగారిని కేకేయకుండా చివరిదాకా చదువు.

నేను లిఫ్టుల వైరింగు చూసుకునే భవనంలో, కింది అంతస్తున కళ్ళద్దాల షాపు ఉంది. చిన్న అక్షరాలు మసకబారుతుంటే చత్వారం అద్దాల కోసం వెళ్ళాను. అద్దాలు సానబట్టేదీ, షాపు నడిపేదీ ఆవిడే. కౌంటరు వెనక కంప్యూటరులో ఒక ఆట ఆడుతున్నారు. అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఇసుక పోస్తే జారుతుంది, నిప్పు పెడితే కాలుతుంది, లోహపు తీగ గీసి మెరుపు తగిలిస్తే కరెంటు పారుతుంది.

"ఇదేం పిల్లల ఆటండీ?" అన్నాను.

"పిల్లలకి ఇంత ఓపిక ఎక్కడిదండీ!" అన్నారు.

వైరింగు నేర్చుకున్నట్టే ఆ ఆటనూ ఎవరినీ అడగకుండా సొంతంగా నేర్చుకున్నాను. నేను అందులో ఆనకట్టలూ, లిఫ్టులూ కట్టి పంపడం, ఆవిడ వాటి మీద లావా గుమ్మరించి "మీ లిఫ్టు నేరుగా స్వర్గానికే వెళ్ళిందండీ" అని రాయడం మాకు అలవాటైంది. చేసిన పని బూడిదైనందుకు ఇంత సంతోషించడం నా జన్మలో ఎరగను.

ఇక అసలు విషయం. పోయిన వారం ఆ ఆటలోనే ఒక పలక తయారుచేశాను. నిండా దీపపు గడులే. మీట నొక్కితే వాటిలో కొన్ని మాత్రమే వెలిగి "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అనే అక్షరాలవుతాయి. మొదట మామూలు తీగలు వేస్తే, పక్కపక్క తీగల మధ్య మెరుపు దూకింది. అందుకని అవన్నీ చెరిపి, మెరుపును పక్కకి దూకనివ్వని ఇన్సులేటెడ్ వైరు వేశాను. ప్రతి దీపం దగ్గరా వైరుకీ దీపానికీ మధ్య అతుకుగా పెట్టిన సెమీకండక్టరు ముక్కలు బయటికి కనిపిస్తుంటే, వాటిని కూడా ఆ వైరుతోనే కప్పేశాను. అతుకును బోడిగా వదిలేయడానికి నా చెయ్యి ఒప్పుకోదు. వెలిగించి చూడలేదు. ఆ ప్రశ్న ఆవిడకంటే ముందు నా కళ్ళ ఎదుట వెలగడం మర్యాద కాదనిపించింది.

ఆవిడ మీట నొక్కి, "ఏమీ వెలగలేదండీ" అని రాశారు. అంతే. అక్కయ్యా, అది వెలిగే ఉంటుంది. నేను వేసిన వైరింగు వెలగకపోవడమనేది ఉండదు. నన్ను నొప్పించడం ఇష్టంలేక చూడనట్టు ఊరుకున్నారు. అందుచేత ఇకపై ఆ షాపు ముందునుంచి నడవకూడదని నిర్ణయించుకున్నాను. బాధగానే ఉంది. నువ్వు మాత్రం బాధపడవద్దు.

ఇట్లు,
వెనక మెట్లు ఎక్కి దిగుతున్న నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావగారిని కేకేశాను. ఆయన నవ్వలేక కుర్చీలోంచి జారిపోయారు. వెలగలేదని ఆవిడ మొర్రో అంటుంటే, వెలిగిందని నువ్వు వాదిస్తావేంట్రా? లిఫ్టు ఆగిందని ఎవరైనా చెబితే "ఆగలేదు, మీరు నటిస్తున్నారు" అంటావా? నీకు నోరెందుకిచ్చాడ్రా దేవుడు, ఆవలించడానికా? ముందువైపు మెట్ల మీదుగా దిగు. నోటితో అడుగు. కాదంటే అప్పుడు ఏడుద్దువుగాని, నేనొచ్చి పక్కన కూర్చుంటాను.

అక్క

*

అక్కయ్యకు, బావగారు కుర్చీలో కుదురుగానే ఉన్నారని తలుస్తూ,

నీ ఆజ్ఞ శిరసావహించి ముందువైపు మెట్ల మీదుగా దిగాను. షాపులో ఒక పెద్దాయన గోడమీది అట్టలో అక్షరాలు చదువుతున్నారు. ఆవిడ నన్ను చూసి, "ఏమండీ, అద్దాలు నచ్చలేదా? మనిషే కనిపించడం మానేశారు!" అన్నారు.

ముందు నా వయసు, తర్వాత నా లోపాలు, చివరికి ప్రశ్న, ఇలా వరుసగా చెప్పాలని సిద్ధమై వెళ్ళాను. వరుస తప్పింది. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అనేశాను. పెద్దాయన చదవడం ఆపేశారు.

ఆవిడ చేతిలోని అద్దం కింద పెట్టి, "ఆ పలక మీద రాసింది ఇదా!" అన్నారు.

నిజంగానే చూడలేదు, అక్కయ్యా. కంప్యూటరు నా వైపు తిప్పి చూపించారు. "ఈ ఆటలో ఇన్సులేటెడ్ వైరు మెరుపుని తనలాంటి వైరుకీ, సెమీకండక్టరు ముక్కలకీ తప్ప ఇంకెవరికీ ఇవ్వదండీ. దీపాలకి మెరుపు అందించాల్సిన ఆ ముక్కలన్నీ మీరే వైరుతో కప్పేశారు. ఇంకెలా వెలుగుతాయి?"

"బోడిగా వదిలేస్తే షాక్ కొడుతుందని..." అన్నాను.

"ఎవరికండీ? నాకా?"

నాకూ నవ్వు ఆగలేదు. ఒక్క గంట సమయమిస్తే అన్నీ విప్పి సరిచేస్తానన్నాను.

"ఇంక అదెందుకండీ? చెవులారా విన్నాను కదా!"

"అమ్మాయ్, ఆ జవాబేదో చెప్పేసి నా సంగతి చూడమ్మా," అన్నారు పెద్దాయన. "ఈ అట్ట మీద నాకిక ఒక్క ముక్కా కనపడట్లేదు."

ఆవిడ నన్నే చూస్తూ, "అడగడానికి అంత వైరు లాగారు. చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు," అన్నారు. "సరే."

వినబడలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను.

వినబడింది, అక్కయ్యా. ఇంకొకసారి వినాలనిపించింది.

ఇట్లు,
ఆదివారం ఆవిడతో కలిసి మీ ఇంటికి వస్తున్న
నీ తమ్ముడు