ఏసయ్యకు పెండ్లయిందా?

శనివారం, ఆళ్లగడ్డ

పొద్దున నంద్యాలలో స్త్రీల కూడికకు పోయి వాక్యం చెప్పినాను. అయినాక, ఏమన్నా అడగాలంటే అడగండమ్మా అన్నాను. వెనక నుంచి రత్నమ్మవ్వ లేచింది.

"అయ్యగారూ, ఏసయ్యకు పెండ్లయిందా?"

ఒకరిద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు తెలిసిందే చెప్పినాను. అయిందని సువార్తల్లో యాడా లేదు, కాలేదని కూడా రాయలేదు. కాలేదనే మనవాళ్లు మొదట్నుంచీ నమ్ముతాండారు, నేనూ అంతే.

"కానాలో పెండ్లికి పోయినాడు కదా?"

"పోయినాడవ్వా. ద్రాక్షారసం అయిపోతే ఇచ్చినాడు గూడా."

"అంటే పెండ్లంటే ఆయనకు ఇష్టమే. మరి నీకేందప్పా? నలభై దాటినా ఒంటిగా వండుకొని తింటాండావ్!"

గుడంతా నవ్వింది. పాటలు పాడించే సుశీల అందరికంటే గట్టిగా నవ్వింది. భర్త పోయినాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

ఆమెదీ ఆళ్లగడ్డే. తిరుగు బస్సులో పక్కపక్కనే సీట్లు దొరికినాయి. శిరివెళ్ల దాటినాక ధైర్యం చేసినాను.

"అవ్వకు నేను జవాబు చెప్పలేకపోతి. నువ్వు చెప్పాల సుశీలమ్మా. నన్ను చేసుకుంటావా?"

ఆమె కిటికీలోంచి చేన్ల వైపు చూస్తానే, "ఇంతమాట అడిగేకి ఇన్నేండ్లు పట్టిందా అయ్యగారూ?" అనింది. కండ్లు మాత్రం తుడుచుకుంటాంది.

భర్త పోయినామెను పాస్టరు చేసుకుంటాడా అని పెద్దల్లో కొందరు మొహం ముడుస్తారేమో. రేపు ఆరాధన అయినాక నేనే లేచి చెప్తా. ఏమని మొదలుపెట్టాల్నో తోచడం లేదు, ఊరికే నవ్వొస్తాంది...

ముందు ఆమెకు ఒకటి చెప్పాల. ఇంగ నన్ను అయ్యగారూ అని పిలవొద్దని.