రమణమ్మ అనే చిలక

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాయన పుల్లలచెరువు నుంచి చిలక పిల్లను తెచ్చి దానికి నీ పేరు పెట్టాడు. నానబెట్టిన శనగలు అరచేతిలో పెట్టుకుని "రమణమ్మా, తినమ్మా" అని బతిమాలుతుంటే నాకు రోత పుడుతోంది. నువ్వు ఉన్నన్నాళ్లూ నిన్ను "ఏమే" అనే కదా పిలిచాడు. ఇప్పుడు ఆ పిలుపు నాకొచ్చింది.

"పేరు నేర్పిస్తా ఉండా. నాలుగు దినాల్లో పలుకుతాది సూడు," అని పక్కింటి అత్తతో సిగ్గు లేకుండా చెబుతాడు.

ఈ పొద్దున వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తుంటే "ఏమే" అని వినిపించింది. "వస్తన్నా నాయనా" అంటూ గరిటెతోనే పరిగెత్తాను.

నాయన ఇంట్లో లేడు. పంజరంలోంచి రమణమ్మ నన్ను చూసి మళ్లీ "ఏమే" అంది.