మూత మీద తేదీ

మార్చి 12, బుధవారం, ఉదయం 6.10

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ దీవెనలు. నేను క్షేమమే. మోకాలు నిన్న పది మెట్లకు ఒప్పుకుంది, ఈ రోజు పదకొండింటికి. మీ ప్రయోగశాలలో నమూనాలు నూరి డబ్బాల్లో బిగించే డబ్బా బాబాయ్ మీద శుక్రవారం పదిన్నరకు విచారణ అని, ఉద్యోగం పోవచ్చని నిన్న చెప్పావు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం విని "సరే అమ్మమ్మా, సరే" అంటావు. కాగితమైతే రెండోసారి చదువుతావు. సాయంత్రం మీ అమ్మ తెచ్చి నీ చేతికే ఇస్తుంది.

నీ మొదటి సొంత నివేదిక అని మురిసిపోతూ పంపిన ఫొటోలను భూతద్దంతో మూడుసార్లు చూశాను. సీసపు ఇటుకల గూడును ముందు ఖాళీగా ఉంచి లెక్క తీసి, గోడల్లోంచి వచ్చే గామా కిరణాల లెక్కను మినహాయించావు. భేష్. రెండు అక్షరదోషాలున్నాయి, వాటి సంగతి తర్వాత.

ఇక అసలు విషయం. నేలలోంచి తీసిన యురేనియం ఎక్కడిదైనా, వెయ్యి పరమాణువుల్లో ఏడు మాత్రమే 235 రకం. మిగిలినవి దాదాపు అన్నీ 238. నీ మట్టి నమూనాలో పదిహేడు వచ్చాయి. సహజంగా అన్ని రావు కనుక, 235 ఎక్కువున్న వేరే పొడి నూరిన గిన్నెను కడగకుండా బాబాయ్ అందులోనే ఈ మట్టినీ నూరాడని తేల్చేశావు. "పంతొమ్మిదేళ్ల సర్వీసుంటే మాత్రం, నిర్లక్ష్యం నిర్లక్ష్యమే కదా" అన్నావు. ఇంకోసారి చూసుకోమంటే, "మిషన్ అబద్ధం చెబుతుందా అమ్మమ్మా!" అని నన్నే కసిరావు.

మిషన్ అబద్ధం చెప్పదు తల్లీ. అడిగినదానికే జవాబు చెబుతుంది. 235 నుంచి వచ్చే గామా నీ గ్రాఫులో నూట ఎనభై ఆరు దగ్గర శిఖరంలా లేస్తుంది. 238 వంశంలో పుట్టిన రేడియం కూడా సరిగ్గా అక్కడే లేస్తుంది. చూసేవాళ్లకు రెండూ కలిసి ఒకటే శిఖరం. అందులో సగానికి పైగా రేడియానిది కావచ్చు. నువ్వు మొత్తం 235 పేరునే రాశావు. సొమ్మొకరిది, సోకొకరిది. రేడియం వాటా తీసేస్తే నీ పదిహేడు ఏడుకు దిగుతుందని నా అనుమానం.

ఆ వాటా ఎంతో తెలుసుకోవడానికే కదా మూత బిగించేది? రేడియం నుంచి రాడాన్ అనే వాయువు పుడుతుంది. అది బయటికి పోకుండా మూడు వారాలు ఆపితే, దాని సంతానం నిలకడకు వచ్చి, ఆరు వందల తొమ్మిది దగ్గర వేరే శిఖరంగా నిలబడి, రేడియం ఎంతుందో చెబుతుంది. నీ ఫొటోలోనే మూత మీద బాబాయ్ ముత్యాల్లాంటి అంకెలతో తేదీ రాశాడు: ఫిబ్రవరి 27. నువ్వు లెక్క తీసింది మార్చి 3న. నాలుగే రోజులు! ఆలస్యం అమృతం విషం అంటారు. మన పనిలో ఆలస్యమే అమృతం.

చేరిన మొదటి రోజు చేతితొడుగులు ఎలా విప్పాలో నేర్పింది బాబాయేనని నువ్వే చెప్పావు. శుక్రవారం ఆయన "కడిగాను" అంటాడు. తాటిచెట్టు కింద పాలు తాగినవాడి మాట ఎవరు వింటారు?

కోపంగా రాసినట్టుంటే తప్పు నా దస్తూరిది.

నీ మేలు కోరే
అమ్మమ్మ

తా.క. తాతయ్య వాచీల మీద మోజుతో మీ ప్రయోగశాలలోనే ఉన్న ఉద్యోగం మానేశారని ఇంట్లో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. అప్పట్లో అక్కడ నమూనాలు నూరి మూతలు బిగించే పని ఆయనదే. నేను కొత్తగా చేరాను. పెళ్లి ఊసే లేదు. ఇదే శిఖరం, ఇదే తొందర, ఇదే పదిహేడు. విచారణలో ఆయన ఒక్క మాటే అన్నారు: "గిన్నె కడిగానండీ." పెద్దసారు నవ్వి, "గిన్నె అలా చెప్పడం లేదే" అన్నాడు. ఆ వారమే ఆయన్ని పంపేశారు.

ఏడు నెలల తర్వాత అదే డబ్బాను మళ్లీ లెక్కిస్తే ఏడే వచ్చింది. చెబుదామని ఆయన వాచీల కొట్టుకు వెళ్లాను. తీరా వెళ్లాక, చక్కగా నడుస్తున్న వాచీ ఇచ్చి బాగుచేయమన్నాను. అలా మూడుసార్లు. మూడోసారి ఆయన, "వాచీకేం రోగం లేదండీ, మీకేమైనా ఉందేమో చూసుకోండి" అన్నారు. పెళ్లయ్యాక కూడా ఇరవై రెండేళ్లకు గాని చెప్పలేకపోయాను. కంటికున్న భూతద్దం తీయకుండానే, "తెలుసు. మూత మీద తేదీ రాసింది నేనేగా. నాలుగో రోజే లెక్క తీశావు" అన్నారు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పానుగా," అన్నారు, "గిన్నె కడిగానని."

ఇక జరగవలసినవి:

1. రేపు ఉదయమే మీ పెద్దసారును కలిసి, తొందరపడింది నువ్వేనని చెప్పి విచారణ వాయిదా వేయించు.

2. ఆ డబ్బా మూత ఎవరూ తెరవకూడదు. మార్చి 20తో ఇరవై ఒక్క రోజులు నిండుతాయి. 21న లెక్క తీయి.

3. అప్పటికీ పదిహేడే వస్తే పదిహేడే రాయి. నా కోసం ఏడు చేయకు.

4. అంతకుముందే బాబాయ్ దగ్గరికి వెళ్లి, ఆయన చెప్పేది చివరిదాకా విను.

5. మీ ప్రయోగశాల పైగది బీరువాలోని పాత రిజిస్టరులో నూట పద్దెనిమిదో పేజీలో నా పదిహేడు ఇంకా అలాగే ఉంది. ఆయన బతికుండగా దిద్దవలసింది. నువ్వు ముట్టుకోకు. దాని మీద గీత గీసి, పక్కన ఏడు వేసి, తేదీ, సంతకం నేనే పెడతాను. ఆ గదికి పద్నాలుగు మెట్లు. మోకాలు ఇప్పటికి పదకొండు దాకా వచ్చింది.