చిన్న బొంత ధర

బుధవారం, రాత్రి

ఇప్పుడే రాసుకోకపోతే పొద్దుటికి మెత్తబడిపోతాను. చిన్నప్పుడు నన్ను బడికి పంపమని నాన్నను ఒప్పించిన టీచర్ గారు, కొత్తగా పుట్టిన మనవరాలికి బొంత కుట్టమని ఈ రోజు తన పాత చీర తెచ్చారు. "చిన్నదే కదమ్మా, రెండొందలు తీసుకో" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆవిడ వెళ్లాక ఎనిమిది వందలు అడుగుతానంటే అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"జానెడు బొంతకా? అదీ ఆవిడ దగ్గరా? సిగ్గుండాలే నీకు!"

అమ్మది మిరపకాయల తొడిమలు తీసే పని, కిలోకింతని కూలి.

"సన్నకాయల బస్తా వస్తే నువ్వెందుకు తిట్టుకుంటావమ్మా?"

"తిట్టుకోనూ? కాయ చిన్నదైతే తొడిమ దానంతటదే ఊడొస్తుందా? చాకిరీ అంతే, తూకమే రాదు."

"మరి బొంతా అంతే. చిరుగులు తప్పించి ముక్కలు ఏరాలి, అంచులు మడవాలి."

అమ్మ "సరే, అడుగు. మర్యాదగా అడుగు" అంది.

టీచర్ గారు ఏమనుకుంటారో... అయినా ధర న్యాయమైనదే. ఫోన్‌లో ఇలా పంపేశాను:

"టీచర్ గారూ, చిన్న బొంతకైనా పని అంతే పడుతుంది, ఎనిమిది వందలవుతుందండి. మీ చీరకి ఇంకా కత్తెర పెట్టలేదు. ఆదివారంలోపు ఏదో ఒక మాట చెప్పండి."